టైరుపై అక్షరములు: చెఱుపదగినవి, చెఱుపరానివి

మా పాఠశాల సైకిళ్ళ పాకలో ఉదయము తొమ్మిది గంటల వేళ నిలిచి చూచినచో అది పుస్తకములు లేని గ్రంథాలయమువలె తోచును. వరుసగా నిలిపిన సైకిళ్ళ టైర్ల ప్రక్కలపై తెల్లనివి, పసుపుపచ్చనివి, ఎఱ్ఱనివి అక్షరములు. కొన్నింటి చుట్టును వెండి తీగవలె మెఱయు సన్నని పట్టీ. మన తాతలనాటి నల్ల సైకిళ్ళ టైర్లపైనను అక్షరములుండెడివి గాని, అవి రబ్బరుతోపాటు నల్లగానే యుండి, దగ్గఱకు వంగి చూచినవారికే కనబడెడివి. నేడు తయారుచేయువారు తమ పేరు పదిమంది కంట బడవలెనని రంగులద్దుచున్నారు. కొనువారిలో కొందఱకు ఆ రంగులు ఇంపు, మఱికొందఱకు కంటగింపు.

"ఈ రాతలు తీసివేయుట యెట్లు?" అని చేతిపనుల తరగతి నడుపు మమ్ము ప్రతి సంవత్సరమును కొందఱు విద్యార్థులడుగుచుందురు. ప్రశ్న చిన్నదే. కాని సమాధానము తెలియక చేసిన పని యొకటి గత వర్షాకాలమున పెద్ద ప్రమాదమునకు దారితీయబోయి తప్పినది. అందువలన ఈ యేటి సంచికలో దీనిని గూర్చి కొంత విపులముగా వ్రాయ సంకల్పించితిమి.

జరిగినదిది. ఎనిమిదవ తరగతి బాలుడొకడు తన సైకిలుకు క్రొత్త టైర్లు వేయించుకొనెను. వాటిపై పసుపుపచ్చని అక్షరములు బొటనవ్రేలంత పెద్దవిగా నుండెను. తోటివారు పరిహాసమాడిరి. ఆదివారమునాడు ఆ బాలుడు పెరటిలో కూర్చుండి, పెన్సిలు చెక్కు బ్లేడుతో ఆ అక్షరములను ఒక్కొక్కటిగా గీకివేసెను. సాయంకాలమునకు అక్షరములు పోయినవి; వాటి చోట సన్నని దారములు బయటపడినవి. అవి యేమో అతడెఱుగడు. మూడవ దినమున బడి విడిచి బాగలూరు మార్గమున పోవుచుండగా వెనుక టైరు తుపాకి ప్రేలినట్లు ప్రేలెను. అదృష్టవశమున వేగము తక్కువ. వెనుక వచ్చు వాహనము దూరముగా నుండెను. మోకాలు గీచుకొనిపోవుటతో ఆపద గడిచినది. సైకిలును నడిపించుకొని మరమ్మతు అంగడికి పోగా, అచ్చటి వృద్ధుడు టైరును వ్రేలితో తడవి చూచి, "ఏం నాయనా, అచ్చరాలు గీకినావా, టైరునే గీకినావా?" అని అడిగెనట.

ఆ వృద్ధుని ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము. టైరుపై కనబడు ప్రతి గుఱుతును ఒక్క తీరునది కాదు. కొన్ని పైపూతలు, కొన్ని టైరులో భాగములు, కొన్ని మనకు అవసరమైన సంగతి తెలుపునవి, ఒకటి రాత్రివేళ మన ప్రాణమును కాచునది. ఏది యేదో తెలిసికొన్న పిమ్మటనే చేతికి గుడ్డ తీసికొనవలెను.

అక్షరము క్రింద నేమున్నది?

రబ్బరు చెట్టుపాలనుండి వచ్చు ముడి రబ్బరు ఎండకు జిగటయగును, చలికి బిఱుసెక్కును. దానిని గంధకముతో కలిపి వేడిచేసినచో ఆ దోషము పోవునని అమెరికా దేశస్థుడైన చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొనెను. పిమ్మట ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యము చేయుచుండిన జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రముల సైకిలు కుదుపు లేకుండ పోవుటకై గాలి నింపిన టైరును రూపొందించి, 1888లో దానికి పేటెంటు పొందెను. నేటి మన సైకిలు టైరు ఆ యిరువురి కృషికి వారసురాలు. రబ్బరు సహజముగా నల్లనిది కాదు. కార్బన్ బ్లాక్ అను మెత్తని మసిని కలుపుటచే దానికి నలుపును, అఱుగుదలకు ఎండకు తాళు శక్తియును కలుగుచున్నవి.

టైరును అడ్డముగా కోసి చూచినచో మూడు భాగములు కనబడును. మొదటిది అంచులోని తీగ. ఇది సామాన్యముగా ఉక్కుది. టైరును రిమ్మునుండి జాఱకుండ పట్టియుంచును. రెండవది దారముల పొర. నాడు నూలుతోను, నేడు ఎక్కువగా నైలానుతోను చేయబడు ఈ దారములు ఒక అంచునుండి మఱియొక అంచునకు ఏటవాలుగా, ఒకదానినొకటి దాటుచు పఱచబడి యుండును. మూడవది పైరబ్బరు. నేలను తాకు చోట ఇది మందముగా నుండును. ప్రక్కల మాత్రము మిక్కిలి పలుచన. ఏలయన చక్రము తిరుగునపుడు ప్రక్కభాగము మాటిమాటికి వంగి లేవవలెను. అనేక టైర్లలో ప్రక్కనున్న రబ్బరు పూత ఒక మిల్లీమీటరు కూడ ఉండదు. మన అక్షరములన్నియు ఆ పలుచని పూతపైననే యున్నవి.

గాలి ఒత్తిడిని మోయునది ట్యూబు కాదు, ఈ దారములు. ట్యూబు గాలిని బయటికి పోనీయక నిలుపును, అంతే. చిన్న లెక్క వేసి చూతము. 40 మిల్లీమీటర్ల వెడల్పుగల టైరులో 50 పి.ఎస్.ఐ. గాలి నింపితిమనుకొందము. అది చదరపు సెంటీమీటరునకు సుమారు మూడున్నఱ కిలోల ఒత్తిడి. టైరు గుండ్రని గొట్టమువంటిది కావున, దాని గోడపై లాగుడు తెలిసికొనుటకు ఒత్తిడిని గొట్టపు వ్యాసార్ధముతో గుణింపవలెను. వ్యాసార్ధము 2 సెంటీమీటర్లు. అనగా ప్రక్కభాగమున ఒక్కొక్క సెంటీమీటరు నిడివిలోని దారములు సైకిలు కదలకున్నను సుమారు 7 కిలోల లాగుడును రేయింబవళ్ళు భరించుచుండును. బ్లేడుమొన ఆ దారములలో కొన్నింటిని తెంపినచో మిగిలినవానిపై భారము పెరుగును. అచ్చట టైరు పొట్టవలె ఉబుకును. ఆ వెనుక ట్యూబు ఆ సందున బయటికి వచ్చి పగులును. మా బాలునికి జరిగినది సరిగా నిదియే.

గుఱుతులు నాలుగు విధములు

మొదటిది అచ్చు అక్షరము. టైరును వేడి అచ్చులో నొక్కి తయారుచేయునపుడు రబ్బరే ఉబికి ఏర్పడిన అక్షరమిది. గోటితో మెల్లగా నిమిరినచో మిట్టగా తగులును. రంగు టైరు రంగే. ఇది టైరు శరీరము. దీనిని చెక్కివేయుట యనగా శరీరమును చెక్కుటయే.

రెండవది రంగుపూత. తయారుచేయువారి పేరు, టైరు రకము పేరు మొదలగునవి తెల్లని లేక పసుపుపచ్చని రంగుతో పైన అద్దబడియుండును. గోటికి దాదాపు నునుపుగానే తగులును. కొన్నిచోట్ల మొదటి విధముదైన మిట్ట అక్షరముపైననే రంగు పూయబడి యుండును. అట్టిచోట రంగును మాత్రమే తీయవచ్చును, మిట్టను ముట్టరాదు.

మూడవది అతికించిన కాగితపు చీటీ. ధర, తయారీ వివరములు తెలుపుటకు అంగడివారు గాని, తయారీదారులు గాని అంటించునది. గోరువెచ్చని సబ్బునీటిలో తడిపిన గుడ్డను కొంతసేపు దానిపై నుంచినచో ఊడివచ్చును. దీనిని గూర్చి ఇంతకన్న చెప్పవలసినది లేదు.

నాలుగవది రిఫ్లెక్టరు పట్టీ. చక్రము చుట్టును వలయమువలె నుండు వెండిరంగు గీత. పగలు బూడిదరంగుగా, అందవిహీనముగా కూడ తోచును. దీని సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది.

చెఱుపుటకు ముందు చదువవలెను

అచ్చు అక్షరములను చెఱుపరాదనుటకు టైరు బలమొక్కటియే కారణము కాదు. అవి చెప్పు మాటలు కూడ విలువైనవి. పాత నల్ల సైకిలు టైరుపై 28 × 1½ అనియు, దాని ప్రక్కనే 40-635 అనియు వ్రాసియుండుట చూడవచ్చును. మొదటిది పాత అంగుళముల కొలత. రెండవది నేడు దేశదేశములయందు చెల్లు మిల్లీమీటర్ల కొలత. అందు 40 అనునది గాలి నింపిన టైరు వెడల్పు; 635 అనునది టైరు రిమ్ముపై కూర్చుండు చోట వ్యాసము.

ఈ రెండవ సంఖ్యయే ముఖ్యము. 26 × 1⅜ అను టైరునకు 37-590 అనియు, 26 × 1.75 అను టైరునకు 47-559 అనియు మిల్లీమీటర్ల గుఱుతులు. రెండును "ఇరువదియాఱు" సైజువే. కాని వ్యాసములలో 31 మిల్లీమీటర్ల భేదము. ఒకదానికి బదులు మఱియొకటి రిమ్మునకు పట్టదు. అంగడికి పోయి "ఇరవైయాఱు టైరివ్వండి" అని మాత్రమే అడిగి, తెచ్చినదానిని మరల మార్చుకొనుటకు పోయినవారు మా విద్యార్థులలో అనేకులు కలరు.

గాలి యెంత పట్టించవలెనో తెలుపు సంఖ్య కూడ ప్రక్కభాగముననే యుండును. అది పి.ఎస్.ఐ. లోనో, బార్‌లోనో, కిలోపాస్కలులలోనో వ్రాయబడును. ఒక బార్ 100 కిలోపాస్కలులు; సుమారు పదునాలుగున్నఱ పి.ఎస్.ఐ. కొన్ని టైర్లపై బాణపు గుఱుతుండును. చక్రము ముందునకు తిరుగునపుడు ఆ బాణము చూపు దిక్కున తిరుగునట్లు టైరును వేయవలెనని దాని భావము. ఈ సంగతులు రంగుపూతలోనే యున్నచో, తుడిచివేయుటకు ముందు ఒక నోటు పుస్తకమున ఎత్తి వ్రాసికొనుట మేలు. మా తరగతిలో ఇది నియమము. వ్రాసికొననివారికి మేము గుడ్డముక్క ఇయ్యము.

రంగుపూతను తీయు విధానము

కావలసినవి: సబ్బునీరు, నాలుగైదు పాత నూలుగుడ్డ ముక్కలు, మందుల అంగడిలో దొరకు సర్జికల్ స్పిరిటు కొద్దిగా, తప్పనిసరియైనచో అసిటోన్ అను ద్రవము మఱికొద్దిగా, నీటితో తడిపి వాడదగిన 400 అంకెగల సన్నని ఉప్పుకాగితము ఒక ముక్క, చేతులకు తొడుగులు. అసిటోన్ గోళ్ళరంగు తుడుచు ద్రవములలో కొన్నింటియందుండును. స్పిరిటును, అసిటోనును నిప్పునకు మిక్కిలి వేగముగా అంటుకొనునవి. కావున ఆరుబయటనే ఈ పని చేయవలెను. దగ్గఱలో పొయ్యి గాని, దీపము గాని, బీడీ గాని ఉండరాదు. చిన్న తరగతుల పిల్లలు పెద్దలు ప్రక్కన నుండగానే చేయవలెను.

ముందుగా సైకిలును తలక్రిందులుగా నిలిపి, టైరులో ఎప్పటివలె గాలి యుండునట్లు చూడవలెను. గాలి లేని టైరు మెత్తబడి, రుద్దునపుడు ముడుతలు పడును. చేయి ఎక్కడ నొక్కుచున్నదో తెలియదు. ప్రక్కభాగమును సబ్బునీటితో కడిగి ఆరనీయవలెను. మట్టి యున్న చోట రుద్దినచో ఆ మట్టియే గరుకు కాగితమై రబ్బరును గీకును.

పిమ్మట గుడ్డమొనను స్పిరిటుతో తడిపి ఒక్క అక్షరమును మాత్రమే ఒక నిముషము రుద్ది చూడవలెను. గుడ్డకు రంగు అంటినచో మార్గము సుగమము. ఆ తీరుననే ఒక్కొక్క అక్షరమును తీయవచ్చును. అంటనిచో అసిటోనును ప్రయత్నింపవలెను. దానిని గుడ్డపై వేసికొనవలెనేగాని టైరుపై పోయరాదు. ఒక అక్షరమును రుద్దిన వెంటనే తడిగుడ్డతో ఆ చోటును తుడిచి, తరువాతి అక్షరమునకు పోవలెను. సైకిలు చట్రముపై ఒక్క చుక్క పడినను అచ్చటి రంగు కరగిపోవును. ప్లాస్టికు భాగములు కూడ చెడును. కావున చట్రముపై పాతగుడ్డ కప్పియుంచుట మంచిది.

అప్పటికిని కొంత రంగు మిగిలినచో ఉప్పుకాగితమును నీటిలో తడిపి, వ్రేలి కొనతో మెల్లగా పది మాఱులు రుద్ది, తుడిచి చూడవలెను. మరల పది మాఱులు. నల్ల రబ్బరు కనబడిన క్షణముననే ఆపవలెను. రంగు పోయిన పిమ్మటను "ఇంకను నునుపు చేయుదము" అను ఆశయే కీడునకు మూలము. దారపు జాడ ఏమాత్రము కనబడినను ఆ టైరును ఇక రోడ్డుపైకి తీసికొనిపోరాదు.

చివరగా టైరును మంచినీటితో కడిగి, రిమ్మును వేఱొక శుభ్రమైన గుడ్డతో తుడువవలెను. బ్రేకు కట్టెలు రిమ్మును పట్టుకొను సైకిళ్ళలో రిమ్ముపై ఏ జిడ్డు అంటినను బ్రేకు పట్టదు. కావున బయలుదేరుటకు ముందు పాఠశాల ఆవరణలోనే నాలుగు అడుగులు నడిపి బ్రేకు పట్టి చూడవలెను.

ఇంత చేసినను అక్షరపు నీడ కొంత మిగులవచ్చును. అట్టిచోటను, రంగు మొండిగా నున్నచోటను, ఏ ద్రవమును లేకుండ అతి సులభమైన ఉపాయమొకటి కలదు. చెఱగని నల్ల సిరాగల మార్కరు కలముతో అక్షరమును నింపివేయుట. ఇందువలన టైరునకు హాని లేదు. వానకు, ఎండకు కొంతకాలమునకు వెలసిపోవును, మరల పూయవచ్చును. తలుపులకు వేయు నల్ల రంగును మాత్రము వాడరాదు. టైరు ప్రక్కభాగము వంగునపుడెల్ల ఆ రంగు బీటలువాఱి పెచ్చులుగా రాలును.

చేయరానివి

పెట్రోలు, కిరసనాయిలు, రంగు పలుచన చేయు థిన్నరు టైరునకు తగులనీయరాదు. ఇవి సహజమైన రబ్బరులోనికి ఇంకి దానిని ఉబ్బించి మెత్తబఱచును. పైకి అక్షరము పోయినట్లే యుండును. లోపల పట్టు సడలును. బ్లేడు, చాకు, గాజుపెంకు వాడరాదు. కారణము ముందే చెప్పితిమి. కాల్చిన ఇనుప ముక్కతో కరగింప బూనరాదు. గంధకముతో పక్వమైన రబ్బరు మైనమువలె కరగదు, మాడి పెళుసగును. తిరుగుడు యంత్రమునకు తీగ కుంచె బిగించి రుద్దుట అన్నిటికన్న ప్రమాదకరము. పూతను దాటి దారమును చేరుటకు దానికి రెండు మూడు క్షణములు చాలును.

వెండి వలయము సంగతి

ఇక రిఫ్లెక్టరు పట్టీ. దీనిని తీసివేయుమని అడుగువారితో మేము వాదింపము. ఒక ప్రయోగము చేయుమందుము. చీకటిపడిన పిమ్మట పొడవైన వసారా చివర సైకిలును అడ్డముగా నిలిపి, పది మీటర్ల దూరమున నిలువవలెను. టార్చిలైటును చెవి ప్రక్కన, కంటికి సమముగా పట్టి వెలిగించినచో ఆ బూడిదరంగు గీత తెల్లని జ్వాలావలయమువలె మండును. అదే టార్చిని మూడడుగులు ప్రక్కకు నిలిచిన మిత్రుని చేతికిచ్చి వెలిగింపుమనిన, మన కంటికి ఆ వలయము వెలవెలబోవును. అది మిత్రునికి మాత్రము మండుచునే యుండును.

కారణమిది. అద్దముపై ఏటవాలుగా పడిన వెలుగు వేఱొక దిక్కునకు పోవును. ఈ పట్టీలో ఆవగింజకన్న ఎంతో చిన్నవైన గాజుపూసలు అసంఖ్యాకముగా పొదుగబడి యుండును. వెలుగు పూసలో ప్రవేశించునపుడు వంగి, వెనుకనున్న మెఱుగుపై తగిలి, బయటికి వచ్చునపుడు మరల వంగి, ఏ దిక్కునుండి వచ్చినదో ఆ దిక్కునకే మరలును. ఇంగ్లండులో పెర్సీ షా 1934లో పేటెంటు పొందిన రోడ్డు మధ్యపు "పిల్లికన్ను" కూడ ఇట్లే దీపము వెలుగును దీపమువైపునకే మరలించును. లారీ దీపపు వెలుగు లారీవైపునకే మరలుటచే, దీపములకు కొంచెము పైన కూర్చున్న డ్రైవరు కంటికి మన చక్రము వెలుగుచు కనబడును. వేఱెవ్వరికి కనబడకున్నను నష్టము లేదు, కనబడవలసినవాడు అతడే.

సైకిలు ముందు దీపము ఎదుట వచ్చువారికి, వెనుకనున్న ఎఱ్ఱ బిళ్ళ వెనుక వచ్చువారికి మనలను చూపును. నాలుగు మార్గముల కూడలిలో ప్రక్కనుండి వచ్చువానికి మనలను చూపునది చక్రమొక్కటియే. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు లారీ క్షణమునకు సుమారు 17 మీటర్లు సాగును. చూచి, గ్రహించి, కాలు బ్రేకుపై వేయుటకు డ్రైవరుకు ఒకటిన్నఱ క్షణము పట్టిననుకొన్నచో, బ్రేకు పడుటకు ముందే బండి 25 మీటర్లు ముందునకు వచ్చియుండును. ఆగుటకు ఇంకను కొంత దూరము కావలెను. కావున ఎంత దూరమునుండి కనబడుదుమో అంత క్షేమము. అదియుగాక రెండు వలయములు ప్రక్కప్రక్కన కదలుచుండుట చూచినచో, అది సైకిలేయని చూచువానికి వెంటనే తెలియును. ఒంటరిగా మెఱయు చిన్న బిళ్ళ రాయియో, రాతికంబమో అనిపింపవచ్చును.

ఈ కారణముచేతనే జర్మనీలో చక్రమునకు ప్రక్కనుండి కనబడు రిఫ్లెక్టరు ఉండవలెనని నిబంధన కలదు. టైరుపై పట్టీయైనను, పుల్లలకు తగిలించు బిళ్ళలైనను చెల్లును. అమెరికాలో సాధారణపు సైకిళ్ళు అమ్మువారికిని ఇట్టి నియమమే కలదు. మన దేశమునను సైకిళ్ళ రిఫ్లెక్టర్ల నాణ్యతను గూర్చి కేంద్ర ప్రభుత్వము 2020లో ఒక ఉత్తర్వు వెలువరించినది.

పట్టీ టైరు ప్రక్కభాగమునకు గట్టిగా అతుకబడి యుండును. కొననెత్తి లాగినను, గీకినను దానితోపాటు ఆ పలుచని రబ్బరు పూత కూడ ఊడివచ్చు అపాయము కలదు. కావున దానిని తీయుటకు సురక్షితమైన మార్గము చెప్పుమనిన, లేదనియే మా సమాధానము. పగటివేళ మాత్రమే తిరుగు సైకిలైనచో నల్ల మార్కరుతో కప్పవచ్చును. అట్లు కప్పినవారు చక్రపు పుల్లలకు రిఫ్లెక్టరు బిళ్ళలు తప్పక తగిలింపవలెను. అంతకన్న మేలైన మార్గము, టైరు కొనునాడే పట్టీ యున్నదా లేదా, అక్షరములెంత పెద్దవి అని చూచి కొనుట. పట్టీ యుంచుకొన్నవారు వారమునకొకసారి తడిగుడ్డతో దానిని తుడువవలెను. బురద కప్పిన పట్టీ యుండియు లేనిదే.

ఒక తాతగారి సైకిలు

పదునొకండవ తరగతి విద్యార్థిని యొకతె రెండు సంవత్సరముల క్రిందట తన తాతగారి నల్ల సైకిలును బాగుచేసికొనెను. అటకపై ఎంతోకాలము పడియున్న దానికి తుప్పు వదలించి, చైను మార్చి, క్రొత్త టైర్లు వేయించెను. టైర్లపై తెల్లని పెద్ద అక్షరములును, వెండిపట్టీయును ఉండెను. పాత సైకిలునకు అవి బొత్తిగా నప్పలేదు. మా తరగతి గదిలో రెండు సాయంకాలములు కూర్చుండి, ముందు సైజును, గాలి సంఖ్యను పుస్తకమున వ్రాసికొని, స్పిరిటుతోను, గుడ్డతోను ఒక్కొక్క అక్షరమును తీసివేసెను. మిగిలిన నీడను మార్కరుతో కప్పెను. సైకిలు నిజముగా పాత కాలపు దానివలె శోభించినది.

పట్టీని ముట్టలేదేమని మేమడిగితిమి. "సార్, తాత సైకిలు తాత కాలంలో మాదిరే ఉండాలనే నాకూ ఆశ. కానీ ట్యూషను ముగించి ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది కదా! చూసేవాళ్ళకి బాగుండేదానికన్నా, లారీవాడికి కనబడేది ముఖ్యం," అని యామె చెప్పినది. మార్గశిర పుష్యమాసములలో మా హోసూరు ప్రాంతమున కమ్ము మంచు నెఱిగినవారికి ఆ మాటలోని వివేకము తెలియును.

పరభాషాప్రాంతములలో తరతరములుగా నిలిచి, మన పిల్లలకు మన అక్షరములు నేర్పుటకై పాటుపడుచున్న మనకు, అక్షరమును చెఱుపు విద్యను నేర్పుట కొంత వింతగానే తోచినది. ఐనను అందును మొదటి పాఠము చదువుటయే. టైరుపై వ్రాసిన దానిని చదివి, అది పేరో, కొలతయో, హెచ్చరికయో గ్రహించి, పేరును మాత్రము తుడిచి, తక్కినవానిని ఉండనిండు. వేసవి సెలవుల తరువాత ప్రతి శనివారమును మధ్యాహ్నము చేతిపనుల గది తెఱచియుండును. అక్షరములు తీయదలచిన విద్యార్థులు సైకిలుతోను, నోటు పుస్తకముతోను రావచ్చును. బ్లేడులు మాత్రము ఇంటియొద్దనే విడిచి రావలెనని కోరుచున్నాము.